వచ్చినాడు, వచ్చిండాడు: ఇంగ్లీషు టెన్సులు మన మాటలోనే ఉండాయి

పావగడ తాలూకాలో పుట్టిన పిల్లోనికి మూడు భాషలు తప్పవు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆ తర్వాత పరీక్షకూ ఉద్యోగానికీ ఇంగ్లీషు. మొదటి రెండూ ఎప్పుడు వచ్చినాయో వానికే తెలియదు. మూడోదాని దగ్గర మాత్రం తడబడతాడు, అందులోనూ టెన్సుల దగ్గర. పన్నెండు గళ్ల పట్టిక ఒకటి గోడకు అంటించుకుని, ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే ఇది, పాస్ట్ పర్ఫెక్ట్ అంటే అది అని బట్టీ పట్టి, పరీక్ష రాసి, మర్నాటికి మరిచిపోయే పిల్లోళ్లను చాలామందిని చూసినా.

నేను కామర్స్ చదివినవాణ్ణి, భాషా పండితుణ్ణి కాదు. బ్యాంకులో ఆఫీసరుగా పనిచేసి రిటైర్ అయినా. పొద్దంతా ఇంగ్లీషు కాయితాలు, ఇంటికొస్తే నాగలమడిక తెలుగు, ఇట్లా ఏండ్లు గడిచినాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు తోచిన సంగతి ఇది: ఇంగ్లీషు టెన్సుల్లో పిల్లోళ్లు కష్టం అనుకునే తేడాల్లో చాలావరకు మన ఊరి మాటలో ముందే ఉండాయి. పుస్తకాల తెలుగులో అంత తేటగా లేవు గానీ, మన అవ్వల మాటలో ఉండాయి. దాన్ని మోటు మాట అని పక్కన పెట్టి ఇంగ్లీషు నేర్పబోతే, చేతిలో ఉన్న దీపం ఆర్పేసి వెతుకులాడినట్లు అవుతుంది.

మన మాట ఎక్కడిది?

మన తాలూకా ఉండేది తుమకూరు జిల్లాలో. కానీ చుట్టూ దాదాపు ఆంధ్రానే: మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం పక్కల ఊర్లే మనకు ఇరుగుపొరుగు. 1956 నవంబరు 1న భాషల లెక్కన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మనం మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయినాం. గీత మాత్రం మాటను కోయలేదు. నాగలమడికలో మాట్లాడేది పెన్న ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఒకటే. తెలుగును భద్రిరాజు కృష్ణమూర్తిగారు నాలుగు మాండలికాలుగా విడదీసినారు. ఆ లెక్కలో మనది రాయలసీమ మాట, పైన కాస్త కన్నడం వాసన.

ఊరి పేరునే చూడండి. మన దిక్కు మడక అంటే నాగలి. చేను దున్నుతాంటే మడకకు నాగశిల తగిలిందని, అందుకే ఊరికి ఆ పేరని సుబ్రమణ్యస్వామి గుడి గురించి పెద్దలు చెప్పే కథ. కోస్తావాళ్లకు మడక అంటే వెంటనే అర్థం కాదు. మనకు అది పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట. క్రియల సంగతి కూడా ఇంతే.

ఉండాడు చేసే పని

పుస్తకాల తెలుగులో "ఉన్నాడు" అంటారు, మనం "ఉండాడు" అంటాం. ఈ ఒక్క మాటే మన క్రియలకు ఇరుసు లాంటిది. "వచ్చి" తర్వాత "ఉండాడు" చేరితే "వచ్చిండాడు". "వస్తా" తర్వాత చేరితే "వస్తాండాడు". పాత పుస్తకాల్లో "వచ్చియున్నాడు" అని గంభీరంగా రాసిందే మన నోట్లో నలిగి "వచ్చిండాడు" అయింది.

ఇప్పుడు ఈ రెండు మాటలు వినండి.

"మీ మామ వచ్చినాడా?" "వచ్చినాడు." అంటే వచ్చే పని జరిగింది. ఇప్పుడు ఉండాడో, కాఫీ తాగి ఎళ్లిపోయినాడో ఈ మాట చెప్పదు.

"మీ మామ వచ్చిండాడా?" "వచ్చిండాడు." అంటే వచ్చినాడు, ఇప్పుడు ఇంట్లోనే ఉండాడు. పోతే కలవచ్చు.

మొదటిది ఇంగ్లీషులో "హి కేమ్". రెండోది "హి హ్యాజ్ కమ్". సింపుల్ పాస్ట్‌కూ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కూ ఉన్న తేడా మొత్తం ఇంతే. జరిగిపోయిన పని ఫలితం ఇప్పటికీ ఉంటే "హ్యాజ్". మన "ఉండాడు" చేసే పనే ఇంగ్లీషులో "హ్యాజ్" చేస్తాది.

కోస్తా తెలుగులో రెండింటికీ "వచ్చాడు" అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. "వచ్చి ఉన్నాడు" అని అనొచ్చు గానీ రోజువారీ మాటల్లో తక్కువ. తెలంగాణలో "వచ్చిండు" అంటారు. వినేదానికి మన మాటలాగే ఉన్నా దానికి అర్థం ఉత్త "వచ్చాడు" అనే. కాబట్టి ఈ విషయంలో మన పిల్లోడు ఒక అడుగు ముందే ఉండాడు. ఆ సంగతి వానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

రెండు ప్రశ్నలు, మూడు భాషలు

పన్నెండు టెన్సులు అని భయపెడతారు గానీ నిజానికి ఉండేది రెండు ప్రశ్నలే. ఒకటి: పని ఎప్పటిది? అప్పటిదా, ఇప్పటిదా, ముందుదా? రెండు: ఆ పని ఏ స్థితిలో ఉంది? నడుస్తాండాదా, ముగిసి ఫలితం మిగిలిండాదా, ఊరికే జరిగిందని చెప్తాండామా? ఈ రెండు జవాబులూ కలిపితే టెన్సు వస్తాది. మన తెలుగు, బడిలోని కన్నడ, ఇంగ్లీషు మూడింటినీ వరసగా పెడతా, చూడండి.

వస్తాడు. కన్నడలో బర్తానె. ఇంగ్లీషులో హి కమ్స్, లేదా హి విల్ కమ్.

వస్తాండాడు. బర్తిద్దానె. హి ఈజ్ కమింగ్.

వచ్చినాడు, లేదా వచ్చె. బంద. హి కేమ్.

వచ్చిండాడు. బందిద్దానె. హి హ్యాజ్ కమ్.

వస్తాండె. బర్తిద్ద. హి వాజ్ కమింగ్.

వచ్చిండె. బందిద్ద. హి హ్యాడ్ కమ్.

వచ్చింటాడు. బందిర్తానె. హి విల్ హ్యావ్ కమ్, లేదా హి మస్ట్ హ్యావ్ కమ్.

చివరిదాన్ని గమనించండి. "ఈపాటికి బస్సు వచ్చింటాది" అని మనం అనేటప్పుడు బస్సును చూడలేదు, వచ్చిందని అంచనా వేస్తాండాం. ఇంగ్లీషు వాళ్లు ఇంత చిన్న సంగతికి మూడు మాటలు పేర్చాల్సి వస్తాది. మనకు ఒక్క మాట చాలు.

కన్నడం కూడా మన లెక్కనే నడుస్తాది కాబట్టి బడిలో కన్నడ మేష్ట్రు, ఇంట్లో అవ్వ ఇద్దరూ ఒకే పాఠం చెప్పినట్లే. ఊరికి ఊరికీ మాట కొద్దిగా మారొచ్చు. "వచ్చిండాడు" అనేదాన్ని ఇంకో పల్లెలో ఇంకాస్త నమిలి పలుకుతారు. లోపలి లెక్క మాత్రం మారదు.

గోడ మీది పట్టికలో పన్నెండో గడి దాకా పోతే "హి విల్ హ్యావ్ బీన్ కమింగ్" లాంటివి వస్తాయి. నా ఉద్యోగమంతా చూసుకున్నా అట్లాంటి వాక్యంతో పని పడింది బహు తక్కువ. పైన రాసిన ఏడూ గట్టిగా వస్తే ఉత్తరాలకు, దరఖాస్తులకు, ఇంటర్వ్యూలకు చాలావరకు సరిపోతాది.

"వస్తాడు"కు పాతవాళ్లు పెట్టిన పేరు

మొదటి వరసలో ఒక చిక్కు ఉండాది. "వాడు దినామూ వస్తాడు", "వాడు రేపు వస్తాడు". మనకు రెండింటికీ ఒకే మాట. ఇంగ్లీషులో దినామూ వచ్చేవానికి "కమ్స్", రేపు వచ్చేవానికి "విల్ కమ్". ఇక్కడ మన మాట సాయం చేయదు. వాక్యంలో "దినామూ" ఉందా, "రేపు" ఉందా అని చూసుకుని విడగొట్టుకోవాల్సిందే.

ఇంకో గందరగోళం పేరుతో వస్తాది. "హి కమ్స్" అనేదాన్ని ప్రెజెంట్ టెన్స్ అంటారు. ప్రెజెంట్ అంటే ఇప్పుడు కదా అని పిల్లోడు ఇప్పుడు జరిగే పనికి దాన్ని వాడేస్తాడు. మన పాత వ్యాకరణంలో దీనికి చక్కటి పేరు ఉండాది: తద్ధర్మం. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. ఆ సంప్రదాయంలో భూత, వర్తమాన, భవిష్యత్ అనే మూడింటితో పాటు తద్ధర్మం అని నాలుగోది కూడా లెక్కపెడతారు. అంటే అది దాని ధర్మం, స్వభావం, ఎప్పుడూ జరిగేది. పొద్దు తూర్పున పొడుస్తాది. ఆవు గడ్డి తింటాది. షాపు తొమ్మిదికి తెరుస్తారు. ఇవన్నీ తద్ధర్మం, ఇంగ్లీషులో ఇవన్నీ సింపుల్ ప్రెజెంట్. పిల్లోనికి "సింపుల్ ప్రెజెంట్ అంటే తద్ధర్మం, ఇప్పుడు జరిగేదానికి ఈజ్ కమింగ్" అని ఒక్కసారి చెప్తే సగం తప్పులు పోతాయి.

మన మాట దారి తప్పించే చోట్లు

మన మాటను నెత్తిన పెట్టుకుని, అంతా సమానమే అని చెప్తే అది అబద్ధం. ఐదు చోట్ల తేడా వస్తాది. తప్పులన్నీ ఎక్కువగా ఈడనే జరుగుతాయి.

ఒకటి. "నిన్న వచ్చిండాడు" అని మనం అంటాం, కన్నడంలో కూడా అంటారు. నిన్న వచ్చినాడు, ఇంకా ఉండాడు అని. ఇంగ్లీషు దీనికి ఒప్పుకోదు. నిన్న, పోయిన వారం, 2010లో అని ముగిసిపోయిన కాలం పేరు చెప్పినాక "హ్యాజ్" రాకూడదు. "హి కేమ్ ఎస్టర్‌డే" అనే అనాల. దరఖాస్తుల్లో "ఐ హ్యావ్ పాస్డ్ బీకాం ఇన్ 2010" అని రాసేది ఇందుకే. అది తెలివితక్కువ కాదు, మన వ్యాకరణం ఇంగ్లీషులోకి నడిచి వచ్చింది.

రెండు. "పోయిన ఏడు తిరుపతికి పోయింటి" అంటాం. మనకు అది ఉత్త పాత సంగతి. దాన్ని మాటకు మాట మార్చి "ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి లాస్ట్ ఇయర్" అంటే ఇంగ్లీషు వాడు, సరే, దాని తర్వాత ఏమైంది అని కాచుకుంటాడు. "హ్యాడ్" రావాలంటే జరిగిపోయిన పనులు రెండు ఉండాల. "నేను పోయేపాటికి బస్సు ఎళ్లిపోయిండె" అన్నప్పుడు ముందు జరిగిన దానికి, అంటే బస్సుకు, "హ్యాడ్". ఒకే పని అయితే "వెంట్" చాలు.

మూడు. "పదేండ్ల నుంచి ఈడనే ఉండా." మనకు ఇది ఇప్పటి మాట. ఇంగ్లీషులో పదేండ్ల కింద మొదలై ఇప్పటిదాకా సాగింది కాబట్టి "ఐ హ్యావ్ బీన్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్". "ఐ యామ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అనేది మన తెలుగే, అక్షరాలు వేరే. ఎన్నాళ్లో లెక్క చెప్తే "ఫర్", ఎప్పుడు మొదలైందో చెప్తే "సిన్స్".

నాలుగు. లేదు అనేటప్పుడు మన తేడా మాయమవుతాది. "వచ్చినాడా?" అన్నా "రాలేదు", "వచ్చిండాడా?" అన్నా "రాలేదు". ఇంగ్లీషులో మొదటిదానికి "డిడ్ నాట్ కమ్", రెండోదానికి "హ్యాజ్ నాట్ కమ్". దీనికి ఉపాయం సులభం: ముందు ప్రశ్నను మన మాటలో వేసుకోండి. "వచ్చినాడా" అని వస్తే డిడ్, "వచ్చిండాడా" అని వస్తే హ్యాజ్.

ఐదు. "నాతావ లెక్క ఉండాది." లెక్క అంటే మన దిక్కు డబ్బు అని మీకు తెలిసిందే. ఇక్కడి "ఉండాది"కీ "వస్తాండాది"లోని "ఉండాది"కీ పని వేరే. రెండోది సాయం చేసే మాట, మొదటిది కలిగి ఉండేదాన్ని చెప్పే మాట. ఈ రెండూ కలిసిపోయి "ఐ యామ్ హ్యావింగ్ మనీ" అనేది పుడ్తాదని నా ఆలోచన. డబ్బు, భూమి, బిడ్డలు, అకౌంటు ఇట్లాంటివి ఉన్నాయని చెప్పేదానికి "ఐ హ్యావ్" చాలు.

భాషాభాగం అంటే ఆ మాట చేసే పని

టెన్సుల తర్వాత పిల్లోళ్లను ఏడిపించేది పార్ట్స్ ఆఫ్ స్పీచ్. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని మనకు ఐదు. ఇంగ్లీషు బడి పుస్తకాల్లో ఎనిమిది. జాబితా బట్టీ పట్టించేకంటే ముందు ఒకటి చెప్పాల: భాషాభాగం అనేది ఆ మాట పుట్టుక కాదు, ఈ వాక్యంలో దానికి అప్పజెప్పిన పని. బ్యాంకులో ఒకే మనిషి ఈరోజు క్యాష్ కౌంటర్లో కూర్చుంటాడు, రేపు లోన్ సీట్లో కూర్చుంటాడు. ఏ సీట్లో ఉంటే ఆ పని.

మన మడకనే తీసుకోండి. మడక వస్తువు, దున్నడం పని. మనకు రెండు వేరే మాటలు. ఇంగ్లీషులో వస్తువూ "ప్లౌ", పనీ "ప్లౌ". అట్లే "క్రెడిట్". "క్రెడిట్ వచ్చింది" అంటే నామవాచకం. "అకౌంటుకు క్రెడిట్ చేయి" అనేదాన్ని ఇంగ్లీషులో "క్రెడిట్ ద అకౌంట్" అంటారు, అప్పుడు అదే మాట క్రియ. "క్రెడిట్ బ్యాలెన్స్" అన్నప్పుడు ఎట్లాంటి బ్యాలెన్సో చెప్తాది కాబట్టి విశేషణం పని చేస్తాది. మనం ఇంగ్లీషు మాటను తెచ్చుకున్నప్పుడు "చేయు" గానీ "అగు" గానీ తగిలించి దాన్ని క్రియ చేస్తాం. "క్రెడిట్ చేసినారు" అంటే ఎవరో చేసినారు. "క్రెడిట్ అయిండాది" అంటే చేసింది ఎవరో చెప్పకుండా, అయి ఇప్పుడు అకౌంటులో ఉందని చెప్పినాం. ఇంగ్లీషులో దాన్నే "హ్యాజ్ బీన్ క్రెడిటెడ్" అంటారు. ప్యాసివ్ వాయిస్ అని భయపడేది ఇదే. ఫోన్లో మెసేజి వచ్చిన ప్రతి అవ్వా తాతా ఈ మాట అంటానే ఉండారు.

ఇంకో రెండు తేడాలు గుర్తు పెట్టుకుంటే చాలు. ఇంగ్లీషులో ముందు వచ్చే ప్రిపోజిషన్ మనకు మాట వెనక వస్తాది: గుడికి, గుడిలో, గుడికాడ, గుడి వెనక. "అండ్" అనేదానికి మనం వేరే మాట వెతుక్కోం, చివర అచ్చును సాగదీస్తే చాలు: అమ్మా నాయనా, ఆవూ దూడా. ఇంగ్లీషు వేరే మాట పెట్టేచోట మనం అదే మాట తోక మారుస్తాం.

ఇదంతా దేనికి?

మార్కులకోసమే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. మన హోబళిలోనే తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊర్ల భూముల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. దాదాపు 13,000 ఎకరాలు. భూమి కొనలేదు, రైతుల దగ్గర లీజుకు తీసుకున్నారు, మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన. అంటే మన రైతుకు వానతో పాటు కాయితంతో కూడా సంసారం మొదలైంది. ఈ లీజు కాయితమనే కాదు, లోను పత్రం, ఇన్సూరెన్సు పాలసీ, పిల్లోని ఉద్యోగం ఆర్డరు, ఏదైనా కావచ్చు. ఇట్లాంటి కాయితాల్లో టెన్సు అంటే డబ్బే.

"హ్యాజ్ రిసీవ్డ్" అంటే ముట్టిండాది. "విల్ రిసీవ్" అంటే ముడ్తాది. లెక్క చేతికి రాకముందే "హ్యాజ్ రిసీవ్డ్" అని ఉన్న కాయితం మీద సంతకం పెడితే, ముట్టింది అని మనమే రాసిచ్చినట్లు. తర్వాత రాలేదని అడిగేదానికి నోరుండదు.

"షల్ పే" అని ఒప్పందంలో ఉంటే చాలామంది "ఇస్తాడు" అని చదువుకుంటారు. అక్కడ దాని అర్థం "ఇయ్యాల". అది బాధ్యత. "మే పే" అంటే "ఇయ్యొచ్చు". ఇయ్యకపోనూవచ్చు. ఇస్తాడు, ఇయ్యాల, ఇయ్యొచ్చు: ఈ మూడింటికీ తేడా మన పల్లెల్లో చదువు రాని అవ్వకు కూడా తెలుసు. చీటీపాట కాడ ఎవరైనా "ఇయ్యొచ్చులే" అంటే ఆ అవ్వ ఊరుకోదు. అదే మాట ఇంగ్లీషులో ఉంటే డిగ్రీ చదివిన మనవడు దాటిపోతాడు. ఆ మనవనికి తెలియనిది ఇంగ్లీషు ఒక్కటే కాదు. అవ్వ మాటకూ ఇంగ్లీషు మాటకూ మధ్య ఉన్న దారి కూడా తెలియదు.

ఆ దారి వేసే పని కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, జనం మాట విని, తెలుగు నేర్చుకుని, 1840లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చు వేసినాడు, 1852లో నిఘంటువు తెచ్చినాడు. ఆయన ఇంగ్లీషు నుంచి మన వైపుకు దారి వేసుకున్నాడు. మనం మన మాట నుంచి ఇంగ్లీషు వైపుకు నడవాల, దారి ఒకటే.

మన ఇండ్లల్లో పిల్లోళ్లు "వచ్చిండాడు" అంటే "వచ్చాడు అనురా, నాగరికంగా" అని దిద్దే తల్లిదండ్రులు ఎక్కువైనారు. దయచేసి దిద్దొద్దండి. టీవీలో వినిపించే తెలుగు కూడా నేర్చుకోనీ, తప్పు లేదు. కానీ "వచ్చిండాడు" పోయిన ఇంట్లో "హ్యాజ్ కమ్" చెప్పడం ఇంకా కష్టమవుతాది. సాయంత్రం పది నిమిషాలు చాలు. పిల్లోని ఇంగ్లీషు పుస్తకంలోని ఒక వాక్యం తీసుకుని "దీన్ని మీ అవ్వ ఎట్ల చెప్తాది?" అని అడగండి. అవ్వ పక్కనే ఉంటే ఆమెనే అడగండి. వచ్చినాడో, వచ్చిండాడో, వచ్చింటాడో ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్తాది. ఆ జవాబును పుస్తకంలో ఆ వాక్యం కిందనే పెన్సిల్‌తో రాసిపెట్టమనండి. ఒక ఏడాదికి వాని టెన్సులు వానికి వస్తాయి, మన ఊరి మాట కూడా ఒక నోటుబుక్కు నిండా మిగిలింటాది.